భీమవరం నుంచి బోస్టన్ దాకా – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, మన వినుకొండ బిడ్డ జాషువా గారి గురించి పాత సంచికల్లో సీనియర్లు చక్కగా రాశారు. ఈసారి మేము వేరొకరి జీవితం ఎంచుకున్నాం. కారణం ఉంది. ఈ ఏడాది మన హాస్టల్లో చదివి వెళ్లిన పూర్వ విద్యార్థుల్లో కొందరు విదేశాలకు వెళ్లి చదవాలని కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. మన ఇళ్లలో విమానం ఎక్కబోయే మొదటి మనుషులు వీళ్లే. వీళ్లకు దారి చెప్పే మేనమామలు గానీ, బాబాయిలు గానీ అమెరికాలో లేరు. అందుకని వందేళ్ల కిందట ఆ దారిన వెళ్లిన ఒక తెలుగు విద్యార్థి కథ చెప్పాలనుకున్నాం. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పేరు తెలియని తమ్ముళ్లు ఉండొచ్చు. కానీ ఆయన పని మీ కడుపులోకి వెళ్లింది. బడిలో వారానికి ఒకసారి మధ్యాహ్నం అన్నం తిన్నాక నీలం రంగు మాత్ర ఒకటి ఇస్తారు కదా. వికారంగా ఉంటుందని మేమూ కిటికీలోంచి పారేసిన రోజులున్నాయి. అది రక్తహీనత రాకుండా ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసే దారి కనిపెట్టిన బృందానికి పెద్ద సుబ్బారావు గారే.

బాల్యం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అదే ఏడాది సెప్టెంబరు 28న మన వినుకొండలో జాషువా పుట్టారు. ఇద్దరూ ఒకే ఈడు వాళ్లు. అయితే ఇద్దరి ఇళ్లూ ఒకటి కావు. సుబ్బారావు గారిది బ్రాహ్మణ కుటుంబం. ఊరి బావి దగ్గర ఆయన్ను ఎవరూ ఆపలేదు, బడిలో విడిగా కూర్చోబెట్టలేదు. ఆ తేడాను మేము దాచి రాయడం లేదు. కానీ ఆకలి, అప్పు, ఫెయిలవడం, ఇంట్లో చావులు – ఇవి మాత్రం ఆయనకూ మనలాగే ఎదురయ్యాయి.

తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగాలేక ముందుగానే ఉద్యోగం మానుకున్నారు. పిల్లలు ఏడుగురు. ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇంట్లోంచి పారిపోయి కాశీ దారి పట్టాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆ పసివాడి ఆలోచన. తల్లి వెంకమ్మ గారు ఊరుకోలేదు. వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. జాషువా గారు గబ్బిలాన్ని కాశీకి పంపారు, సుబ్బారావు గారు తానే బయల్దేరి సగం దారిలో ఆగిపోయారు. ఈ పోలిక మాకు తోచి నవ్వుకున్నాం గానీ, ఎవరికీ చెప్పకుండా, చేతిలో డబ్బు లేకుండా చేసిన ఆ మొదటి ప్రయాణంలో ఒక పాఠం ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాం.

తర్వాత తండ్రి పోయారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. పదో తరగతి ఒకసారి తప్పితేనే కూలికి పంపించేసే ఇళ్లు మనవి. ఆ తల్లి మూడోసారి కూడా పంపింది. ఆమె పంపకపోతే ఈ కథే లేదు.

మద్రాసు వైద్య కళాశాల

ఆయనకు మొదట సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే జనానికి మేలు చేయొచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు కొంత, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత సాయం చేశారు. 1919లో ఆ ఇంటి అమ్మాయి శేషగిరి గారితో పెళ్లయింది.

అది గాంధీ గారు విదేశీ బట్టలు మానమన్న కాలం. సుబ్బారావు ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్లారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. ఇవ్వలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. ఆ తక్కువ పట్టా సముద్రం దాటాక కూడా ఆయన్ను వదల్లేదు.

ఇంతలో ఇంట్లో పిడుగు పడింది. అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. స్ప్రూ అనే పేగుల జబ్బు. తిన్న తిండి వంటబట్టదు, నోరు పూస్తుంది, రక్తం తగ్గి మనిషి ఎండిపోతాడు. అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారని చెబుతారు. మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం రాలేదు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెబుతూ, ఈ జబ్బులకు మందు ఎందుకు లేదన్న ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. జవాబు వెతకడానికి అమెరికా వెళ్లాలనుకున్నారు.

ఓడ ఎక్కేముందు

ఇక్కడ తమ్ముళ్లు నిదానంగా చదవాలి. పదమూడేళ్ల వయసులో కాశీకి బయల్దేరిన పిల్లవాడికీ, ఇరవై ఏడేళ్లు దాటి బోస్టన్‌కు బయల్దేరిన మనిషికీ ఎంత తేడా ఉందో చూడండి. ఈసారి ఆయన పారిపోలేదు. ముందు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఉత్తరాలు రాసి, ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో సీటు ఖాయం చేసుకున్నారు. స్కాలర్‌షిప్పు దొరకలేదు. అప్పుడు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. ఆ సత్యలింగం నాయకర్ బర్మా వెళ్లి పేదరికం నుంచి పైకొచ్చి, ఆస్తిని పిల్లల చదువులకు రాసిపోయిన మనిషి. మిగిలింది మామగారు సర్దారు. అంటే చేతిలో సీటు, డబ్బుకు తెలిసిన దారి, ఇంట్లో అందరికీ చెప్పిన మాట – ఈ మూడూ ఉన్నాకే ఓడ ఎక్కారు.

అంబేద్కర్ గారు కూడా ఇలాగే వెళ్లారని మనకు తెలుసు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయానికి, 1916లో అక్కడి నుంచి లండన్‌కు వెళ్లారు. 1917లో స్కాలర్‌షిప్పు గడువు అయిపోయి తిరిగి రావాల్సి వచ్చింది. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. ఆయన ఒక ఓడలో వచ్చారు, పుస్తకాల పెట్టెలు వేరే ఓడలో వేశారు. పెట్టెలున్న సాల్సెట్ ఓడను 1917 జూలై 20న జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఏళ్ల తరబడి పస్తులుండి కొన్న పుస్తకాలు, రాసుకున్న కాగితాలు సముద్రం పాలయ్యాయి. సామానుకు ఓడ ప్రయాణాల కంపెనీ నష్టపరిహారం ఇచ్చింది. ఆ డబ్బే ఆయన బరోడా వెళ్లి ఉద్యోగంలో చేరడానికి ఖర్చులకు అక్కరకొచ్చింది. సామానుకు బీమా, కాగితాలకు నకళ్లు అనే మాటలు ఈనాటివి కావని ఈ సంగతి చెబుతుంది.

బోస్టన్‌లో మొదటి రోజులు

అక్టోబరు నెల చలిలో సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. భార్య ఇక్కడే ఉండిపోయారు. ఆమె అప్పుడు గర్భిణి. తర్వాత కొడుకు పుట్టాడు, ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు.

బోస్టన్‌లో చేతి డబ్బు ఎన్నో రోజులు నిలవలేదు. డాక్టరుగా పనిచేద్దామంటే మద్రాసు ఎల్.ఎం.ఎస్. పట్టా అక్కడ చెల్లలేదు. పాఠశాల అధిపతి రిచర్డ్ స్ట్రాంగ్ గారు మొదట్లో ఆదుకున్నారు. తర్వాత సుబ్బారావు పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆస్పత్రిలో రాత్రి పనివాడుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేయడం ఆ పని. మన దేశంలో ఆ పని ఏ కులాల నెత్తిన వేశారో మనకెవరూ చెప్పనక్కర్లేదు. భీమవరంలో ఆ పని చేయాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ వచ్చేది కాదు. బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆ పని చేశారు. చేసినందుకు ఆయన చిన్నవాడైపోలేదు. పని మనిషిని తక్కువ చేయదు, పనిని బట్టి మనిషిని తక్కువ చేసేది సమాజమే. ఈ మాట మన హాస్టల్ గోడల మీద రాసుకోదగ్గదని మాకు అనిపించింది.

ఇంకో సంగతి గమనించాలి. ఆయన చేసింది కష్టమైన పనే గానీ దొంగచాటు పని కాదు. తన చదువుకు ఆనుకుని ఉన్న ఆస్పత్రిలో, తనను ఎరిగిన వాళ్ల మధ్యలో చేశారు. ఆపద వస్తే ఎవరి తలుపు తట్టాలో ఆయనకు తెలుసు.

పరిశోధన

డిప్లొమా తర్వాత హార్వర్డ్ వైద్య కళాశాల జీవ రసాయన శాఖలో సైరస్ ఫిస్క్ గారి దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి శరీర ద్రవాల్లో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రకటించారు. దాన్ని ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్సులో మేము ఆ పేరు చూసి, తెలుగు పేరు కదా అని ఆశ్చర్యపోయాం. అలా మొదలైందే మాకు ఈయన మీద ఆసక్తి.

1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని కనుగొన్నాడు. ఇంటర్ బైపీసీ తమ్ముళ్లు కణానికి శక్తి నాణెం అని చదువుకునే ఏటీపీ ఇదే. కండరం కదలడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న విషయంలో అప్పటికే నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతాన్ని ఈ పని మార్చేసింది. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలకు మారారు. అక్కడి ఎనిమిదేళ్లలోనే పండిన చెట్టులా ఫలాలిచ్చారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూ జబ్బుకు అది పనిచేసింది. ఏ జబ్బు అన్నదమ్ములను తీసుకుపోయిందో ఆ జబ్బుకే మందు దొరికింది. కాస్త ఆలస్యంగా, వేరే తల్లుల బిడ్డలకు దొరికింది.

1947లో బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. కోస్తా జిల్లాల్లో బోదకాలు రాకుండా ఊరంతటికీ పంచే డీఈసీ మాత్ర అదే. ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను, తర్వాత మెథోట్రెక్సేట్‌ను ఆ బృందమే తయారుచేసింది. అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు కొంతకాలం ఉపశమనం ఇవ్వగలిగాడని 1948లో ప్రపంచానికి తెలిసింది. మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ క్యాన్సర్ వార్డుల్లో, కీళ్లవాతం రోగుల చీటీల్లో ఉంది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన పర్యవేక్షణలోని ప్రయోగశాలలోనే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త చేతుల మీదుగా 1948లో బయటికొచ్చింది.

తిరిగిరాని ప్రయాణం

ఆయన పని ఇంత పెద్దదే గానీ ఆయన కాగితాల స్థితి ఎప్పుడూ సన్నని దారం మీద నడకే. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1924 చట్టం మన వాళ్ల వలసకు తలుపులు మూసేసింది. 1946లో చట్టం మారి పౌరసత్వం తీసుకునే వీలు వచ్చినా, ఆయన తీసుకోలేదు. చివరిదాకా భారతీయుడిగానే ఉన్నారు. కానీ భారతదేశానికి తిరిగి రానూ లేదు. 1948 ఆగస్టులో గుండె ఆగి, నిద్రలోనే పోయారు. వయసు 53 ఏళ్లు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు. శేషగిరి గారు పాతికేళ్లు ఎదురుచూసి, భర్తను మళ్లీ చూడకుండానే మిగిలిపోయారు.

ఆయనకు నోబెల్ రాలేదు. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. ఎందరినో బతికించిన మనిషి ఇంటికి ఎందుకు రాలేకపోయాడన్న ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. పని మీద ప్రేమ కావచ్చు, వెళ్తే మళ్లీ రానివ్వరేమోనన్న భయం కావచ్చు. మేము తీర్పు చెప్పం. విదేశానికి వెళ్లేవాడు వెళ్లే దారితో పాటు తిరిగొచ్చే దారి కూడా ముందే ఆలోచించుకోవాలని మాత్రం అంటాం.

మనకు ఏమిటి

పోయిన ఏడాది మా బ్యాచ్ స్నేహితుడు ఒకడు విదేశీ చదువు కోసం ఒక కన్సల్టెన్సీలో యాభై వేలు కట్టాడు. వాళ్లమ్మ మిరపకాయల కూలి డబ్బు, డ్వాక్రా అప్పు కలిపి ఇచ్చింది. నెల తిరక్కుండానే సీటు వచ్చిందని ఒక ఉత్తరం చేతిలో పెట్టారు. ఉన్న అరెకరం తాకట్టు పెట్టడానికి ఆమె సిద్ధమైంది. ఆ రాత్రి మేమందరం కూర్చుని ఆ విశ్వవిద్యాలయం సొంత చిరునామాకు ఈ-మెయిల్ రాయించాం. అలాంటి ఉత్తరం తాము ఇవ్వలేదని జవాబు వచ్చింది. యాభై వేలు పోయాయి. అరెకరం మిగిలింది. వాడు మిగిలాడు.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అనే బోగస్ సంస్థ మూతపడినప్పుడు వందల మంది తెలుగు పిల్లలు రోడ్డున పడ్డారు, కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అక్కడి ప్రభుత్వమే పెట్టిన ఉచ్చులో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. కాలేజీకి వెళ్లకుండా పని చేసుకోవచ్చన్న మాట నమ్మడమే చాలామందిని ముంచింది.

అందుకని సుబ్బారావు గారి జీవితం పక్కన పెట్టుకుని మేము కొన్ని మాటలు రాసుకున్నాం. సీటు సంగతి ఏజెంటును కాదు, విశ్వవిద్యాలయాన్నే అడగాలి. అమెరికా అయితే ఆ సంస్థకు విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉందో లేదో అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో చూడాలి. డబ్బు కోసం భూమి తాకట్టు పెట్టేముందు, ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు గురించీ, రాష్ట్ర పథకాల గురించీ నరసరావుపేటకు వెళ్లి సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగాలి. ఇవి భిక్ష కాదు, నాయకర్ గారి ధర్మసంస్థ సుబ్బారావు గారికి చేసినట్టే సమాజం మనకు చేయాల్సిన సాయం.

పాస్‌పోర్టు, వీసా, మార్కుల పత్రాలు, కుల ధ్రువీకరణ పత్రం – అన్నింటికీ మూడు నకళ్లు. ఒకటి పెట్టెలో, ఒకటి ఇంట్లో అమ్మ దగ్గర, ఒకటి ఈ-మెయిల్లో. అసలు పాస్‌పోర్టు పని ఇచ్చే యజమాని చేతికి గానీ, గది యజమాని చేతికి గానీ ఇవ్వకూడదు. ఆరోగ్య బీమా లేకుండా విమానం ఎక్కకూడదు. అక్కడ ఒక్క జ్వరం ఇక్కడి ఎకరం పంటను తినేస్తుంది. వెళ్లాక మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి, రాయబార కార్యాలయం ఫోన్ నంబరు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి. ఆపద వస్తే అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, యూరప్ దేశాల్లో 112. అమెరికాలో చదువు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని. పాత్రలు కడిగినా సిగ్గు లేదు, దొంగచాటు పని మాత్రం వద్దు. రాత్రి షిఫ్టు నుంచి ఒంటరిగా నడిచి రాకుండా తోడు చూసుకోవాలి.

అన్నింటికన్నా ముఖ్యం, వారానికోసారి ఇంటికి మాట్లాడాలి. కష్టం దాచి అంతా బాగుందని అబద్ధం చెప్పకండి. మా ఇళ్లలో మేమే మొదటి గ్రాడ్యుయేట్లం. ఇంట్లో అందరూ మా మీదే ఆశ పెట్టుకుంటే ఎంత బరువో మాకు తెలుసు. ఆ బరువుతో ఫెయిలయ్యామని, డబ్బు అయిపోయిందని చెప్పలేక కుమిలిపోయిన రాత్రులు మాకూ ఉన్నాయి. ఇంటికి చెప్పలేకపోతే హాస్టల్ అన్నలకైనా చెప్పండి. మూడోసారి మెట్రిక్ రాసిన పిల్లవాడు ఏటీపీ కనిపెట్టాడని గుర్తుంచుకోండి.

తమ్ముళ్లూ, వినుకొండ కొండ మీద రామలింగేశ్వర స్వామి గుడి దగ్గర నిలబడి చూస్తే గుంటూరు వైపు వెళ్లే రైలు చిన్న గీతలా కనబడుతుంది. ఆ రైలు ఎక్కి ప్రపంచంలో ఎక్కడికైనా వెళ్లండి. సీటు చూసుకుని వెళ్లండి, కాగితాలు జాగ్రత్త చేసుకుని వెళ్లండి, ఇంట్లో చెప్పి వెళ్లండి. పై ఏటి వార్షికోత్సవానికి మీ ఉత్తరం ఈ సంచికలో వేయాలని మా ఆశ. ఈలోపు బడిలో ఇచ్చే నీలం మాత్ర కిటికీలోంచి పారేయకండి.